జమున పెట్టెలో పది చీరలు

మా లైన్‌లో ఉండే జమునకు పది చీరలున్నాయి. పదకొండోది ఉన్నట్టు ఎవరైనా చూపిస్తే నా బీరువాలోంచి వాళ్ళకు నచ్చిన పట్టుచీర తీసి ఇచ్చేస్తాను. ఎనిమిదేళ్ళుగా ఆమె తాడు మీద ఆరేసిన ప్రతి చీరనూ చూస్తున్నదాన్ని, నాకు తెలియకుండా ఇంకోటి ఎక్కడి నుంచి వస్తుంది? పక్కింటి ఆడమనిషి చీరలు లెక్కపెట్టడం కూడా ఒక పనేనా అని మీరు అనొచ్చు. ఓర్వలేనివాళ్ళకు ఇలాంటి పనులు చాలానే ఉంటాయి.

నా పేరు సువార్త. మా ఆయన యోనా బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. గోదావరిఖని కంపెనీ క్వార్టర్లలో మాది ఎనిమిది ఇళ్ళ లైను. మూడోది మాది, నాలుగోది జమునది. మధ్యలో ఒకటే గోడ, అటు గ్లాసు కింద పెట్టినా ఇటు వినిపిస్తుంది. నాకు రెండు బీరువాలు. అవి చాలక మంచం కింద సంచులు, అటక మీద మూటలు. లక్ష్మీనగర్ షాపుల్లో కొన్నవి, ఫోన్‌లో లైవ్ చూసి తెప్పించినవి, ఫంక్షన్లలో చుట్టాలు పెట్టినవి. ఆదివారం చర్చికి కట్టిన చీర మళ్ళీ రెండు నెలల దాకా కట్టను. ఇన్ని ఉన్నా, ఏటా మొదటి వాన పడగానే బీరువా తెరిచి నిలబడి, కట్టుకుందామంటే ఒక్కటీ లేదనుకుంటాను. గోడ అవతల జమున ఈలోపు తయారై, తలుపుకు తాళం వేసి, డ్యూటీకి పోతూ ఉంటుంది. ఆ తాళం చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

మా ఊళ్ళో బట్టలు కట్టుకోవడం అంత తేలిక కాదు. మే నెలలో నలభై ఆరు డిగ్రీలు దాటుతుంది, గోడలు రాత్రి పన్నెండింటికి కూడా సెగ కక్కుతాయి. వానలు మొదలయ్యాక పొద్దున ఉక్కపోత, మధ్యాహ్నం కుండపోత, సాయంత్రం మళ్ళీ చెమట. డిసెంబరులో గోదావరి వైపు నుంచి మంచు దిగితే ఎదురిల్లు కనిపించదు. అన్ని కాలాల్లోనూ దుమ్ము ఉండనే ఉంటుంది. తెల్లచీర కడితే బొగ్గు కనిపిస్తుంది, నల్లచీర కడితే బూడిద కనిపిస్తుంది. ఈ సంగతి నాకూ తెలుసు. తెలిసి కూడా తెల్లవి పదకొండు కొన్నాను, నల్లవి తొమ్మిది కొన్నాను. జమున తెలిసినదాన్ని పాటించింది. మా ఇద్దరికీ తేడా అక్కడే.

జమునది బెల్లంపల్లి. తండ్రి అక్కడి బొగ్గుబావిలో పనిచేసేవాడు. బావి మూసేసి ఆయన్ను ఇటు బదిలీ చేసినప్పుడు ఆమెకు పదేళ్ళు. సామాను లారీలో వేసుకొని వస్తుంటే దారిలో వాన పట్టుకుందట. నాలుగు పెట్టెల బట్టలు తడిసి ముద్దయ్యాయి. ఇక్కడ క్వార్టర్ దొరికేదాకా చుట్టాల ఇంటి వరండాలో వారం రోజులు తలదాచుకున్నారు. ఎండ లేదు, ఆరేసుకోవడానికి తాడు లేదు, బట్టలకు బూజు పట్టింది. మూడు పెట్టెల బట్టలు పారేసి, ఒక్క రేకు ట్రంకుపెట్టెతో కొత్త ఇంట్లో కాలు పెట్టారు.

"అయినాగాని బట్టలు లేవని మేం ఎవ్వలం బయటికి పోకుంట ఉండలేదక్కా. అమ్మకు అప్పుడే సమజైంది, గంతే చాలని" అని జమున నాతో ఒకసారి అంది. ఆ ట్రంకుపెట్టెనే ఇప్పటికీ వాడుతోంది.

తండ్రి ఉద్యోగం ఆమెకు వచ్చింది. బావి మీద ల్యాంప్ రూంలో డ్యూటీ. బావిలోకి దిగేవాళ్ళకు తలకు కట్టుకునే దీపాలివ్వాలి, షిఫ్టు అయ్యాక వెనక్కి తీసుకొని ఛార్జింగు పెట్టాలి. ప్రతి దీపానికి ఒక నంబరు, ప్రతి నంబరుకు ఒక జాగా ఉంటుంది. ఒక దీపం వెనక్కి రాలేదంటే ఒక మనిషి పైకి రాలేదని లెక్క. అలాంటి చోట ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషికి తన పెట్టెలో ఏది ఎక్కడుందో చీకట్లో కూడా తెలుస్తుంది. భర్త వీరేందర్ జ్యోతినగర్‌లో ఎలక్ట్రీషియన్, కొడుకు మంచిర్యాలలో చదువుతున్నాడు. వాళ్ళ బట్టలకు కూడా ఇదే పద్ధతి.

ఆ పెట్టెలో ఏముందో నాకు నా బీరువా కంటే బాగా తెలుసు. ఎండాకాలానికి నాలుగు పల్చటి కాటన్ చీరలు. ఎండలు తగ్గేసరికి అవి నలిగిపోయి ఇంట్లో కట్టుకునే చీరలైపోతాయి. వానకాలానికి మూడు. ఉతికి ఫ్యాను కింద వేస్తే రెండు గంటల్లో ఆరిపోయే రకం. చలికి మందపాటి చేనేతవి రెండు, పెళ్ళిళ్ళకు పట్టుది ఒకటి. ఒక శాలువా, ఒక స్వెటరు. జాకెట్లు ఎనిమిది కానీ రంగులు రెండే. ముదురు నీలం, ముదురు గోధుమ. ఏ జాకెట్టు తీసినా ఏ చీర మీదికైనా సరిపోతుంది. నాకు నూట యాభై జాకెట్లున్నాయి, ఒక చీరది ఇంకో చీరకు పనికిరాదు. అందులో సగం ఇప్పుడు నాకే పట్టవు.

కాలం మారినప్పుడల్లా ఒక ఆదివారం ఆమె పెట్టె మొత్తం మంచం మీద గుమ్మరిస్తుంది. ఒక్కో చీరను కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూస్తుంది. పోయిన కాలంలో ఒక్కసారి కూడా కట్టనిది ఉంటే అది ఇంట్లోంచి పోవాల్సిందే. కొత్తది ఒకటి వస్తే పాతది ఒకటి పోతుంది. ఆ పోయేది మా లైను ఊడ్చే లింగవ్వకు పోతుంది. చిరిగింది ఇవ్వదు, ఇంకా కట్టుకోదగ్గదే ఇస్తుంది. దాంతో చెత్తబండి తోసే లింగవ్వ కూడా కొన్ని రోజులు నాకంటే నీటుగా కనిపిస్తుంది. ఇది ఎవరితో చెప్పుకోవాలి?

ఇదివరకు మా లైన్‌లో ఎవరు చీర కొన్నా ముందు నాకు చూపించేవాళ్ళు. రంగు వెలుస్తుందా, అంచు బాగుందా, అత్తగారింటికి పెట్టవచ్చా అని నన్నే అడిగేవాళ్ళు. నేను కూడా బీరువా బార్లా తెరిచి, టీ పెట్టి, గంటలు గంటలు చెప్పేదాన్ని. రెండేళ్ళ నుంచి వాళ్ళంతా జమున వరండాలో చేరుతున్నారు. వానకాలానికి ఎన్ని చాలు, చలికి ఏం రంగు కొనాలి, ఏది తీసెయ్యాలి అని అడుగుతున్నారు. నన్నెవరూ పిలవలేదు. పిలిస్తే పోయేదాన్ని కాదు. కానీ పిలవాలి కదా.

పోయిన క్రిస్మస్‌కు పొరుగువాళ్ళందరితో పాటు జమునను కూడా చర్చికి పిలిచాను. నేను బంగారు రంగు పట్టుచీర కట్టాను. దాని మీద స్వెటరు వేసుకుంటే చీర కనిపించదని చలికి వణుకుతూ కూర్చున్నాను. జమున నీలం చేనేత చీర కట్టి, శాలువా కప్పుకొని వచ్చింది. ఆరాధన అయ్యాక పాస్టరమ్మ నన్ను దాటుకుంటూ పోయి ఆమె కొంగు పట్టుకొని చూసింది.

"ఎంత మంచిగున్నదమ్మా! ఎక్కడ తీసుకున్నవ్?"

అది పాతది, నాలుగేళ్ళుగా కడుతోంది అని చెప్పాలని నాకు నోటి దాకా వచ్చింది. నేను నోరు తెరిచేలోపే జమున నవ్వి, "పాతదేనమ్మా, నాలుగేండ్లయింది" అంది. దాంతో పాస్టరమ్మకు ఆ చీర ఇంకా నచ్చింది. ఆ రోజు నాకు కేకు కూడా చేదనిపించింది. ఇంటికొచ్చాక మా ఆయన, "ఆమెకు పెట్టె, నీకు దుకాణం. అయినా చలికి వణికింది నువ్వే" అన్నాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇదంతా ఎలాగో మింగేసేదాన్నే. మా అమ్మాయి జోలికి రానంత వరకు.

మాకు ఎవాంజెలిన్ ఒక్కతే. నర్సింగ్ చదివింది. ఈ జులైలో కొత్తగూడెంలో ఒక దవాఖానలో ఉద్యోగం వచ్చింది, అక్కడే హాస్టల్. ఆ ఉద్యోగం వస్తుందని మా పిల్ల కంటే ముందు నేనే నమ్మాను. నమ్మి, ఏడాది నుంచి దాని కోసం బట్టలు కొంటూ వచ్చాను. మూడు సూట్‌కేసులు నింపాను. ఒక్కో డ్రెస్సు కొన్నప్పుడు, ఇది వేసుకొని డ్యూటీ నుంచి వస్తూ ఉంటుంది, తోటి పిల్లలు ఎవరు కొన్నారని అడుగుతారు, మా అమ్మ అని చెబుతుంది అనుకునేదాన్ని. నా ప్రేమ నేను అలాగే చూపించగలను. ఇంకో దారి నాకు రాదు.

హాస్టల్ వాళ్ళు రాసిన ఉత్తరంలో ఒక్కొక్కరికి ఒక మంచం, గోడలో రెండు అరలు అని ఉంది. పిల్ల సూట్‌కేసుల వంక చూసింది.

"అమ్మా, ఇవన్ని ఏడ పెట్టుకోవాలె?"

"మంచం కింద పెట్టుకో. ఏమైతది?"

అది సూట్‌కేసు మూత మూసేసింది. మర్నాడు మధ్యాహ్నం గోడ అవతల దాని గొంతు వినిపించింది. వంటింట్లో స్టవ్ ఆపేసి, గోడ దగ్గర నిలబడి విన్నాను. సిగ్గులేదా అంటే, ఆ సమయానికి లేదు.

"డ్యూటీల తెల్ల డ్రెస్సు వాళ్ళే ఇస్తరు" అంటోంది జమున. "మరి నీ బట్టలు ఎప్పుడు గావాలె? రూంల ఉన్నప్పుడు, బజారుకు పోయినప్పుడు, చర్చికి. గంతే గదా. ఎండకు మూడు పెట్టుకో, వానకు జల్ది ఆరేటియి మూడు. చున్నీ పెద్దది ఒకటి తీసుకో, చలికి అదే కప్పుకోవచ్చు. ఒక స్వెటరు. బట్ట మన పని చెయ్యాలె బిడ్డా, మనం బట్టకు పని చెయ్యద్దు."

మా పిల్ల నవ్వింది. నా దగ్గర అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. తర్వాత, "గీ పసుపుది ఉండనియ్యాల్నా చిన్నమ్మా?" అని అడిగింది. అంతవరకు జమున దానికి ఆంటీ. ఆ రోజు చిన్నమ్మ అయ్యింది.

సాయంత్రానికి మొత్తం సామాను ఒక్క నీలం బ్యాగులో పట్టేసింది. నా మూడు సూట్‌కేసుల్లోంచి నాలుగంటే నాలుగు జతలు తీసుకుంది. మిగిలినవి మడత పెట్టి ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"నేను కొన్నయి నచ్చలేదా?" అని అడిగాను.

"అన్ని మంచిగనే ఉన్నయమ్మా. సెలవులకు వచ్చినప్పుడు ఏసుకుంట" అంది, చిన్నపిల్లను బుజ్జగించినట్టు.

అంతటితో అయిపోలేదు. దాన్ని దిగబెట్టి రావడానికి నేను పోవాలనుకున్నాను. సరిగ్గా అదే వారం మా అత్త సారవ్వకు కంటి ఆపరేషన్ అయ్యింది. రెండు గంటలకోసారి చుక్కల మందు వెయ్యాలి. మా ఆయనకు లీవు దొరకలేదు. జమున అక్క కొత్తగూడెంలోనే ఉంటుంది. "నేను తోల్కపోతనక్కా, మా అక్క ఇంట్ల ఒక పూట ఉండి, పిల్లను హాస్టల్ల దింపి వస్త" అంది. పిల్ల సంబరపడింది. మా ఆయన మెచ్చుకున్నాడు. సారవ్వ దీవించింది. నేను తల ఊపాను. నా బిడ్డ మొదటిసారి కాలు పెట్టే గదిలో మంచం మీద దుప్పటి పరిచేది ఆమె, అర సర్దేది ఆమె. దానికి భయమేస్తే చెయ్యి పట్టుకునేది కూడా ఆమే. తల ఊపుతూనే ఇదంతా అనుకున్నాను.

వాళ్ళు బయలుదేరడానికి ముందు రోజు జరిగిందే ఇప్పుడు చెప్పాలి.

మా క్వార్టర్లకు ఓపెన్‌కాస్టు దగ్గర. మధ్యాహ్నం బండలు పేల్చే బ్లాస్టింగ్ ఉంటుంది. దానికి ముందు సైరన్ మోగుతుంది. సైరన్ వినగానే, ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు బయటికొచ్చి లైన్‌లో ఉన్న అన్ని తాళ్ళ మీది బట్టలూ తీసి ఇళ్ళల్లో వేస్తారు. లేకపోతే వచ్చే దుమ్ముకు తడిబట్టలు మళ్ళీ కట్టుకునేందుకు పనికిరావు. ఎవరివి అని చూడరు. అందరివీ తీస్తారు. ఒకటో ఇంటికీ ఆరో ఇంటికీ ఆరేళ్ళుగా మాటల్లేవు. అయినా సైరన్ మోగితే ఒకరి బట్టలు ఒకరు తీస్తారు, మడత పెట్టి గడప మీద పెట్టి మాట్లాడకుండా పోతారు. డ్యూటీకి పోయేవాళ్ళు ఆ భరోసాతోనే బట్టలు ఆరేసి పోతారు. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ తప్పలేదు.

ఆ రోజు పొద్దున జమున రెండు వాన చీరలు ఉతికి ఆరేసి మొదటి షిఫ్టుకు పోయింది. మూడో వాన చీర ఒంటి మీద ఉంది. అది డ్యూటీ చీర, పాత దీపాల కాలంలో బ్యాటరీ యాసిడ్ చుక్కలు పడి అక్కడక్కడా చిల్లులున్నది. ఊరికి పోవాలంటే కట్టేది తాడు మీది ఆ రెంటిలో ఒకటే. కాటన్‌వి అప్పటికే ఇంటి చీరలయ్యాయి, చలివి వానకు తడిస్తే బరువెక్కుతాయి, బస్సులో పట్టు ఎవరు కడతారు? ఇదంతా నాకు తెలుసు. ఆ పెట్టె నాకు కంఠతా వచ్చని ముందే చెప్పాను కదా.

సైరన్ మోగింది. లైన్‌లో ఆ పూట బట్టలు తియ్యగలిగినదాన్ని నేనొక్కదాన్నే. ఎవాంజెలిన్ బజారుకు పోయింది. నేను బయటికొచ్చి ఒకటో ఇంటి తాడు ఖాళీ చేశాను. రెండోది, మాది చేశాను. జమున తాడు ముందు ఆగాను. బూడిద నీలం చీర గాలికి ఊగుతోంది. చెయ్యి చాచాను కూడా. చాచిన చెయ్యి వెనక్కి తీసుకొని ఐదో ఇంటి తాడు దగ్గరికి నడిచాను. అక్కడి నుంచి ఎనిమిదో ఇంటి దాకా అన్నీ తీశాను. మరిచిపోయానని తర్వాత చెప్పుకోవచ్చు అనుకున్నాను. మరిచిపోలేదు. ఒక్కసారి, ఒక్క రోజు ఆమెకు కట్టుకోవడానికి ఏమీ లేకుండా ఉండాలని నాకు అనిపించింది. అలా ఉంటే నా బిడ్డతో ఎలా పోతుందో చూద్దామనిపించింది.

ఇంట్లోకి రాగానే, కంటికి పట్టీతో పడుకున్న సారవ్వ, "జమునయి గూడ తీసినవా? ఆమె డ్యూటీకి పోయింది" అంది.

"తీసిన" అన్నాను.

బ్లాస్ట్ అయ్యింది. కిటికీలు వణికాయి. గాలి ఆ రోజు మా వైపే ఉంది. ఎర్రటి నల్లటి దుమ్ము లేచి లైను మీదికి వచ్చింది. అది సర్దుకోకముందే సన్నగా తుంపర మొదలైంది. కిటికీలోంచి చూశాను. నీలం చీర కొంగు తుప్పు పట్టిన ఇనుప స్తంభానికి చుట్టుకొని, గాలి లాగిన కొద్దీ చిరుగుతోంది. రెండో చీర క్లిప్పు ఊడి మోరీ మురికినీళ్ళలో పడింది. అప్పుడైనా పోయి తియ్యొచ్చు. పోలేదు.

మూడున్నరకు జమున వచ్చింది. తన తాడు ముందు నిలబడింది. తర్వాత మెల్లగా తల తిప్పి లైన్‌లోని తాళ్ళన్నీ చూసింది. ఒక్కటి తప్ప అన్నీ ఖాళీ. స్తంభం చుట్టూ తిరిగి చీర విప్పింది, మోరీలోంచి ఇంకోటి తీసింది, లోపలికి పోయింది. నేను తలుపు వెనక నిలబడి, అరుస్తుందని చూశాను. అరిస్తే నేనూ అరుద్దామని మాటలు కూడబెట్టుకున్నాను. నల్లా చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించింది. ఎంత ఉతికితే మాత్రం తుప్పు మరక పోతుందా, చిరుగు అతుక్కుంటుందా, మోరీలో పడ్డదాని కంపు వదులుతుందా?

చీకటి పడకముందే మా గడపలో నిలబడింది.

"అక్కా, రేపు కట్టుకపోనీకి ఒక చీర ఇస్తవా?"

ఆఖరికి ఆమె నా బీరువా ముందుకు వచ్చింది. "దానికేంది, రా" అని లోపలికి తీసుకుపోయి, రెండు బీరువాలూ తెరిచాను. ఏది కావాలంటే అది తీసుకో అన్నాను. ఆ మాట అంటుంటే ఎంత తీపిగా ఉందో చెప్పలేను.

తీసుకోవడానికి ఏముంది అందులో? పట్టువి బస్సుకు పనికిరావు. నెట్‌వి, రాళ్ళు కుట్టినవి పొద్దున్నే కడితే నవ్వుతారు. పదిహేను చీరలకు ఫాల్ కుట్టించలేదు. తెల్లవి, నల్లవి ఆమె ముట్టదు. కొన్ని మడతల దగ్గరే చిట్లిపోయాయి. మంచం నిండా కుప్ప పోశాను, నాకు చెమటలు పట్టాయి. జమున ఒక్కోటి మడత పెడుతూ వచ్చింది. కింది అర మూలలోంచి ఒక చీర లాగి వెలుతురుకు పట్టి చూసింది. మట్టి రంగు, సన్నటి అంచు, తేలికపాటిది.

"గిది చాలక్కా. నా గోధుమరంగు జాకెట్టు సరిపోతది."

అప్పుడే లోపలికొచ్చిన ఎవాంజెలిన్ ఆగిపోయింది. "అమ్మా, గిది నేను తెచ్చిందే గదా? ట్రెయినింగుల మొదటిసారి పైసలిచ్చినప్పుడు. నువ్వు ఒక్కసారి గూడ కట్టలె."

నిజమే. సాదాగా ఉందని, చర్చికి కట్టుకుపోతే నలుగురి కంటికి ఆనదని లోపల పెట్టేశాను. పెట్టిన సంగతే మరిచిపోయాను. జమున వెంటనే దాన్ని నా చేతిలో పెట్టబోయింది. "వద్దులే అక్కా, పిల్ల నీకు తెచ్చుకున్నది. ఇంకోటి ఇయ్యి."

నేను చెయ్యి చాచాను. చాచేలోపే పిల్ల అంది, "కట్టుకో చిన్నమ్మా. బీరువల ఉండి ఏం జేస్తది?"

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. నేను చీర జమునకే ఇచ్చేశాను. పక్క గదిలో సారవ్వ అన్నీ వింటూనే ఉంది. తర్వాత చుక్కలు వెయ్యడానికి పోతే, ముఖం గోడవైపు తిప్పుకుంది.

పొద్దున్నే బస్టాండుకు నేనూ పోయాను. వాన సన్నగా పడుతోంది. జమునకు ఆ చీర కుట్టించినట్టు అమరింది. నా బిడ్డ నా కోసం ఎంచి తెచ్చిన రంగు ఎంత మంచిదో నాకు అప్పుడు కనిపించింది, ఇంకొకరి ఒంటి మీద. ఎవాంజెలిన్ ఆమె భుజం మీద కుచ్చిళ్ళు సరిచేసి పిన్ను పెట్టింది. నా చీర కుచ్చిళ్ళు అది ఎప్పుడు సరిచేసిందో గుర్తు చేసుకోవాలని చూశాను. గుర్తు రాలేదు. నన్ను కావలించుకొని, "అవ్వకు మందు మరువకు. పోయినంక ఫోన్ చేస్త" అని, నీలం బ్యాగు తీసుకొని బస్సెక్కింది.

జమున మెట్టు మీద కాలు పెట్టబోతుంటే నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. నిన్నటి నుంచి ఒకటే ప్రశ్న నన్ను తొలుస్తోంది. నీ దగ్గర ఎక్కువున్నాయి కాబట్టి వచ్చాను అని ఆమె నోటితో వినాలని ఉంది. కనీసం ఆ ఒక్కటైనా నాకు దక్కాలని ఉంది.

"జమునా, లైన్ల ఎనిమిదిండ్లున్నయి. నీ అసొంటోళ్ళే, నీలెక్క చీరలు కట్టేటోళ్ళే ఉన్నరు. నా దగ్గరికే ఎందుకచ్చినవ్?"

ఆమె నా వంక చూసింది. ఆ చూపులో కోపం కోసం వెతికాను.

"వేరే ఇంటికి పోతే, నీ చీరలకు ఏమైందని అడుగుతరక్కా. నేను చెప్పాల్సొస్తది. పిల్ల పొయ్యే ముంగట అదంత ఎందుకు?" అని, కొంగు సర్దుకుంటూ గొంతు తగ్గించింది. "నువ్వైతే అడగవని నాకు తెల్సు."

బస్సు కదిలింది. కిటికీలోంచి ఎవాంజెలిన్ చెయ్యి ఊపింది. పక్క సీటులో మట్టి రంగు చీర కనిపించింది. నేను కూడా చెయ్యి ఊపాను.